నా చేతి నాలుగు

చీమకుర్తి సెంటర్లో టీ బంకు ముందు
టిప్పరు పోయినప్పుడల్లా గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టి
మస్తాన్ వలీ మళ్లీ మొదలుపెడతాడు:
"ఆ రోజు వాన పడింది రా మాలకొండా."
పడలా.
ముప్పై ఏళ్ల బట్టీ చెప్తన్నా, పడలా.
ఎండ. మన కార్తీకంలో పొద్దుటి ఎండలాంటిది,
ముఖాన పడుద్ది గానీ ఒళ్లు కాగదు.

మేం పోయింది ఊళ్లు చూట్టానికి కాదు.
రామతీర్థం క్వారీలో నేను రాళ్లకు నంబర్లు రాసేవాణ్ణి,
వాడు క్రేను దగ్గర గొలుసులేసేవాడు.
లోడు పగిలొచ్చిందని ఇటలీ వాళ్లు పేచీ పెడితే
ఓనరు మా ఇద్దర్నీ సాక్ష్యానికి తోలకపోయాడు.
ఇరవై రెండేళ్లు. ఇద్దరికీ కలిపి ఒక్క సూటుకేసు.
ఒంగోలు ట్రంకు రోడ్డులో కొన్న స్వెటర్లు రెండూ ఒకే రంగు.
వాళ్లమ్మ కట్టిన కసుమూరు తాయెత్తు,
గుడ్డలో చుట్టి ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా.

వెరోనా దాటినాక ఒక యార్డు.
లోకంలో కొండలన్నీ కోసుకొచ్చి వరసలు పేర్చినట్టుంది.
పచ్చవి, నీలివి, పచ్చిమాంసం రంగువి,
వాటి మధ్య నల్లగా, మన ఊరు.
దాని పక్కటెముక మీద తెల్ల పెయింటుతో నాలుగు.
నా నాలుగు.
రెండో క్లాసులో బెత్తం విరిగినా మారని,
తోక వంకరపోయిన నాలుగు.
నాకన్నా ముందే సముద్రం దాటొచ్చి
ఎవురూ అడగకపోయినా కూర్చోనుంది.
ఎందుకో తెలీదు, పగలబడి నవ్వా.
ఓనరు కళ్లెర్రజేశాడు.

ఆ సాయంత్రం తప్పిపోయినాం.
వంతెన మీద గులాబీలమ్మే కుర్రోడొకడు
మస్తాన్ నోట "యా అల్లా" విని వెనక్కి తిరిగాడు.
సిల్హెట్ అంట. ఆడ ఉందో నాకిప్పటికీ తెలీదు.
వాడి వచ్చీరాని హిందీ, మస్తాన్ ఇంటి ఉర్దూ,
మధ్యలో నా చేతి సైగలు.
పదకొండుమంది పడుకునే గదిలో కుక్కరు కూసింది.
తొమ్మిది రోజుల తర్వాత అన్నం!
సీసా మూత తీశాం.
మొదటి ముద్దకే వాడికి కళ్లెంబడి, ముక్కెంబడి నీళ్లు.
బంగ్లాలో ఏదో తిట్టి, మళ్లీ చెయ్యి చాపాడు.
పచ్చడి వాడికే వదిలేశాం.
అమ్ముడుపోని గులాబీలు ఏడు మా చేతుల్లో పెట్టాడు.
మొగోళ్లిద్దరం, పూలతో ఏం జేసుకుంటాం?

మర్నాడు పొద్దున స్టేషనుకి దారనుకొని పోయింది
శ్మశానంలోకి.
బకెట్టు పెట్టుకొని ముసలాయనొకడు
ఒక సమాధి కడుగుతన్నాడు,
మనోళ్లు చెరువులో గేదెను తోమినట్టు, ఓపిగ్గా.
తడిసేకొద్దీ నల్లరాతిలోంచి
బంగారపు రజను లేచింది.
మాకెవురూ చెప్పే పన్లా.
మస్తాన్ మోకాళ్ల మీద కూలబడి రాతిమీద చెయ్యేశాడు.
"మాది" అన్నాడు. తెలుగులోనే.
గొలుసు తెగినప్పుడు సగం పోయిన చూపుడువేలు ఎత్తి చూపించాడు.
ముసలాయన వేలు చూశాడు. రాయి చూశాడు.
అందులో చెక్కిన పేరు చదివాడు, మెల్లిగా, మూడుసార్లు.
మేమూ పలికాం, తప్పుగా.
తర్వాత స్పాంజి మాకందించాడు.

"గులాబీలు ఆడే పెట్టాం గదా" అంటాడు మస్తాన్.
లేదు. లాడ్జీలో మర్చిపోయినాం.
పెట్టుంటే బాగుండేది, అంతే.
"మరి వాన పడకపోతే
చొక్కాలు ఎట్టా తడిసినయ్ రా?"

నేనేం మాట్లాడను.
ఇంకో టిప్పరు. దుమ్ము.
గ్లాసు మీద మళ్లీ ఆ నాలుగున్నర వేళ్ల చెయ్యి.
ఇప్పుడు నంబర్లు అచ్చురేకు పెట్టి కొడతన్నారు,
నాలుగులన్నీ తిన్నగా, ఒక్కటే తీరు.
ఆడికి పోయినాక
ఎవుర్ని గుర్తుపడతయ్యో అవి.